సోమవారం పదింటికి నాలుగు చోట్ల

ఆ ఆరంతస్తుల ఆఫీసు భవనంలో ఊడ్చే ఆవిడను అందరూ వాషరక్క అనేవారు. పద్నాలుగేళ్ళుగా పొద్దున ఐదున్నరకు వచ్చి, తొమ్మిదిన్నరకల్లా ఆరంతస్తుల మెట్లూ, పన్నెండు బాత్‌రూములూ అద్దంలా తుడిచి వెళ్ళేది. కొళాయి కారుతుంటే కింద మడుగు తుడిచి ఊరుకునే రకం కాదు. "రోజూ అవే నీళ్ళు తుడవడమేంటి, కారకుండా చేస్తే పోలా" అని మొదటి ఏడాదే ఒక స్పానరు కొనుక్కుంది. అప్పటినుంచి ఆవిడ చూపుడువేలికి ఉంగరంలా ఒక రబ్బరు వాషరు ఉండేది. బంగారు ఉంగరం పెట్టెలో ఉండేది. దాంతో ఏ కొళాయీ బాగుపడదు కదా అనేది.

అలా సాగుతుండగా భవనానికి కొత్త మేనేజరు వచ్చాడు. ఆయనతోపాటే, ఇకనుంచి చదివి పాసైన ప్లంబరు తప్ప ఇంకెవరూ పైపు ముట్టుకోకూడదన్న కాగితమూ వచ్చింది. ఆ కాగితం వెనకాలే ఒక ప్లంబరు వచ్చాడు. చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు, అందులో అర్హతపత్రం. ఎవరేం అడిగినా ముందు అది తీసి చూపించేవాడు. రెండో రోజుకే అతనికి సర్టిఫికెట్టుగారు అని పేరు పడింది.

ఒకరోజు మూడో అంతస్తులో ఫ్లష్ ట్యాంకు ఆగకుండా పొంగుతోంది. సర్టిఫికెట్టుగారు జేబులోంచి కవరు తీసి, అక్కడున్న ఇద్దరు గుమాస్తాలకూ చూపించి, తర్వాత మూత తీశాడు. లోపలికి చాలాసేపు చూశాడు. వెనకనుంచి వాషరక్క చీపురు మీద గడ్డం ఆనించి, "ఆ బంతి కడ్డీని కొంచెం కిందికి వంచండి సార్" అంది.

"నీకు క్వాలిఫికేషనుందా?"

"నాకు లేదండీ. కానీ దానికి వంగడం వచ్చు."

అతను వంచాడు. నీళ్ళు ఆగాయి. గుమాస్తాలు నవ్వారు. ఆ నవ్వు అరగంటలో మేనేజరు గదికి చేరింది. ఆయన వాషరక్కను పిలిచి, "చీపురు పట్టే చెయ్యి స్పానరు పట్టకూడదమ్మా. ఇంకోసారి కనపడితే రెండూ ఉండవు" అన్నాడు. ఆవిడ మెట్లు దిగుతూ వేలికున్న వాషరు తీసి కొంగుకు ముడేసుకుంది. తీసిన చోట తెల్లగా గీత పడి ఉంది. బస్సులో దాన్నే చూసుకుంటూ కూర్చుంది.

ఆ రోజు భోజనాల దగ్గర ఒకే ఒక్క మాట అంది. "నేను చదివి ప్లంబర్నవుతా."

టైలరు పని చేసే మొగుడు మంచినీళ్ళు అడిగాడు. అత్తగారు నములుతూనే ఉంది. ఫొటోస్టాటు దుకాణంలో పనిచేసే కూతురు ఫోనులోంచి తల ఎత్తలేదు. సరే, నా తిప్పలేవో నేనే పడతాననుకుంది వాషరక్క.

కానీ ఆ ఇంటి పద్ధతి వేరు. మామూలు విషయాల్లో అక్కడ ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఎవరికైనా మంచి చేస్తున్నప్పుడు మాత్రం అందరూ మూగనోము పడతారు. 'ఉడికేదాకా మూత తీయకూడదు' అనేది అత్తగారి సిద్ధాంతం. అయ్యాకే చెప్పాలి, మధ్యలో చెబితే చెడుతుంది. ఈ సిద్ధాంతం పుణ్యమా అని ఒకసారి వాషరక్క పుట్టినరోజుకు ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు ఒకే రంగు బకెట్లు మూడు కొనుక్కొచ్చారు.

నెల గడిచాక ఒక శుక్రవారం మధ్యాహ్నం పోస్టుమ్యాన్ ఒకేసారి నాలుగు కవర్లు ఇచ్చి, "ఏంటమ్మా, ఇంట్లో అందరికీ ఒకేసారి ఉద్యోగాలా?" అని అడిగి వెళ్ళాడు. నాలుగూ వాషరక్క పేరునే ఉన్నాయి. నాలుగింట్లోనూ చివరి వాక్యం ఒకటే: సోమవారం ఉదయం పది గంటలకు పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్టు అప్పగించి చేరవలెను. రానివారి సీటు మరొకరికి ఇవ్వబడును.

సాయంత్రం నాలుగు కాగితాలనూ వరసగా చాప మీద పరిచింది.

"ఇవెవరి పని?"

టైలరు గొంతు సవరించుకున్నాడు. "మొదటిది నేనే. శిక్షణ సంస్థ. రెండేళ్ళు, పగటి క్లాసులు. యూనిఫారం ఉంటుంది తెలుసా, ప్యాంటుకే ఆరు జేబులు."

"జేబుల కోసం పెట్టావా నాన్నా అప్లికేషను?" అంది కూతురు. "రెండోది నాది. నేరుగా పరీక్ష. అయిదేళ్ళు పని చేసినవాళ్ళు క్లాసులేం లేకుండా రాయొచ్చు. అమ్మకి అన్నీ వచ్చు."

"మూడోది నేను పెట్టించా" అంది అత్తగారు. "మీ మావయ్య స్నేహితుడే, వీధి చివర పెద్ద ప్లంబరు. ఆయన దగ్గర మూడేళ్ళు అప్రెంటిసు. నాకు వేలిముద్ర తప్ప సంతకం రాదు కదా, నీ సంతకం పక్కింటావిడ చేత పెట్టించా. నీకంటే బాగా పెట్టింది."

"మరి నాలుగోది?" అన్నాడు టైలరు.

వాషరక్క తల వంచుకుంది. "సాయంకాలం బడి. నేనే పెట్టుకున్నా. సీటొచ్చాక చెబుదామని."

ఎంతైనా ఆ ఇంటి కోడలే కదా.

సీట్లు నాలుగు, మనిషి ఒకతె, ఒరిజినలు ఒకటి. రాత్రి వంట ఎవరికీ గుర్తులేదు. ముగ్గురూ మూడువైపుల నుంచి లాగుతుంటే ఆవిడకు తను మనిషినా, తాడునా అని అనుమానమొచ్చింది. చివరికి, "రేపు నాలుగు చోట్లకీ వెళ్ళి చూసొస్తా" అంది.

"తినబోతూ రుచులెందుకే?" అంది అత్తగారు.

"తినేది రెండు మూడేళ్ళు అత్తయ్యా. ఒక ముద్ద వాసన చూస్తే తప్పేంటి?"

తెల్లారి ఎవరి సీటు దగ్గరికి వాళ్ళు వెంట నడిచారు. వాషరక్క నాలుగు చోట్లా ఒకే ప్రశ్న అడగాలనుకుంది. ఆవిడకు వచ్చిన పనంతా తడిసి నేర్చుకున్నదే. మొదటి ఏడాది నీళ్ళొచ్చే మెయిను వాల్వు కట్టెయ్యకుండా కొళాయి విప్పితే అయిదో అంతస్తు నుంచి కింది దాకా మెట్లమీద ఏరు పారింది. ఆ తర్వాత ఎన్నడూ మెయిను కట్టడం మర్చిపోలేదు. అందుకని ఆవిడ ప్రశ్న ఇది: "ఇక్కడ తప్పు చేస్తే నీళ్ళెక్కడికి పోతాయండీ?"

శిక్షణ సంస్థలో గోడనిండా పైపులు, ఒక్కోదానికి ఒక్కో రంగు, పక్కన చక్కటి అక్షరాలతో పేర్లు. మాస్టారు ఆశ్చర్యపోయాడు. "నీళ్ళా? ఇందులో నీళ్ళు వదలమమ్మా. గోడ రంగు పోతుంది." పైగా పగలంతా అక్కడే ఉండాలి, ఊడ్చే పని మానుకోవాలి. టైలరు ఈలోగా ఒక విద్యార్థిని నిలబెట్టి ప్యాంటు జేబుల లోతు కొలుస్తున్నాడు.

పరీక్షల ఆఫీసులో కిటికీ వెనక గుమాస్తా, "నీళ్ళెక్కడికి పోతాయో తెలీదుగానీ మీరు మాత్రం బయటికి పోతారు. మళ్ళీ ఆరునెలలకే రావాలి" అని పాఠాల జాబితా చేతిలో పెట్టాడు. మురుగు పైపు వాలు లెక్కలు, వేడినీళ్ళ లైను, ఇంటి నక్షా చదవడం. వాషరక్క రెండుసార్లు చదివి కూతురికిచ్చింది.

"ఆ పన్నెండు బాత్‌రూముల గురించి అడిగితే ఫస్టొస్తానే. పదమూడోది అడిగితే?"

"అడగరులే అమ్మా."

"పదమూడో బాత్‌రూము వాళ్ళు నన్నే పిలుస్తారు కదే, పాసయ్యాక."

సాయంకాలం బడి ఆవిడకు బాగానే నచ్చింది. పైపుల్లో నిజంగా నీళ్ళున్నాయి, కారినవి ఒక పెద్ద డ్రమ్ములోకి పోతాయి, డ్రమ్ములోంచి మళ్ళీ పైపుల్లోకి. కానీ చదువయ్యాక కూడా రెండేళ్ళు ఎవరో ఒక ప్లంబరు దగ్గర పని చేస్తేనే పత్రం ఇస్తారట. బయటికొచ్చి ఆ డ్రమ్మునే తలచుకుంది. ఎంత పోసినా డ్రమ్ము ఎవర్నీ తిట్టదు. తిట్టు పడకుండా తనకు ఈ జన్మలో ఏ పనీ రాలేదు.

చివరికి అత్తగారితో వీధి చివరికి వెళ్ళింది. పెద్ద ప్లంబరు రేకుల షెడ్డులో బకెట్టు బోర్లించుకుని దానిమీద కూర్చుని ఉన్నాడు. చెవిమీద పెన్సిలు, ఒళ్ళో పాత వాల్వు.

"మావయ్యా" అని మొదలుపెట్టింది వాషరక్క.

"షెడ్డులో మావయ్య ఉండడు. మేస్త్రి ఉంటాడు. అడుగు."

అడిగింది. ఆయన వాల్వు పక్కన పెట్టి ఆలోచించాడు.

"ముందు ఇంటాయన నెత్తిమీదకి. ఆయన తిట్లు నా నెత్తిమీదకి. నా తిట్లు నీ నెత్తిమీదకి. ఇవన్నీ అయ్యాక ఎక్కడికి పోవాలో అక్కడికే పోతాయి."

"ఇంటాయన నన్ను తిట్టడా?"

"సంతకం పెట్టి తీసుకున్నవాణ్ణి నేనుండగా నిన్నెందుకు తిడతాడు? వారానికి ఒకరోజు సాయంకాలం బడికి పంపిస్తా, లెక్కలు అక్కడ నేర్చుకో. మూడేళ్ళయ్యాక పరీక్ష. పొద్దున్నే రమ్మనను, నాకు తెల్లారేదే పదింటికి."

"వీడు పెళ్ళిరోజున కూడా అంతే" అంది అత్తగారు.

"వదినా, అప్రెంటిసు ముందు మేస్త్రి పరువు తీయకూడదు."

ఆదివారమంతా వాషరక్క పెదవి విప్పలేదు. ముగ్గురూ ఆవిడ మొహం చూసి పసిగట్టాలని తెగ తిరిగారు. టైలరు తన వంతు సాయంగా ఆ పదో తరగతి సర్టిఫికెట్టును ఇస్త్రీ చేశాడు. ముడతలు పోయాయి, ఒక మూల మాత్రం గోధుమరంగుకు తిరిగింది. "పాతదని గౌరవమిస్తారులే" అన్నాడు.

సోమవారం ఊడ్చే పని ముగించి, ఆవిడ బస్సు దిగేసరికి ముగ్గురూ గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ ఇంటి ముందునుంచే నడిచి వీధి చివరికి తిరిగింది. అత్తగారు కొడుకు వైపు చూసి, "ఆరు జేబుల ప్యాంటు నువ్వే కుట్టుకుని వేసుకో" అని చక్కా లోపలికి పోయింది.

మేస్త్రి సర్టిఫికెట్టు కాలిన మూలను వాసన చూసి బీరువాలో పెట్టాడు. గంట తిరక్కుండానే ఇద్దరూ ఒక ఇంట్లో వంటగది గోడ ముందు నిలబడ్డారు. గోడలో ఎక్కడో పైపు కారుతోంది, చెమ్మ మాత్రం గోడంతా ఉంది.

"ఎక్కడ కొట్టాలో చెప్పు" అన్నాడు మేస్త్రి.

వాషరక్క అరచేయి ఆనించి చూసింది. చెవి ఆనించి వింది. మెయిను కట్టేసి వచ్చింది. "ఇక్కడ" అని పెన్సిలుతో గుండ్రంగా గీసింది.

"ఖాయమా?"

"ఖాయం."

"కొట్టు."

కొట్టింది. నాలుగు ఇటుకలు ఊడాక గోడవతల పడకగది కనపడింది. అందులో మంచంమీద కూర్చుని ఇంటాయన పేపరు చదువుకుంటున్నాడు. ఆయన పేపరు దించి కన్నంలోంచి వాషరక్కను చూశాడు. వాషరక్క ఆయన్ను చూసి, ఇంకేం చెయ్యాలో తోచక నమస్కారం పెట్టింది.

ఆయన వంటగదిలోకి వచ్చేసరికి ఆవిడ సుత్తి పట్టుకున్న చేతిని కొంగు వెనక దాచుకుంది. మేనేజరు మాట చెవిలో మోగింది.

"ఎవరు చేసిందిది?" అన్నాడు ఇంటాయన.

"నేనే కొట్టించానండీ" అన్నాడు మేస్త్రి, గోడ పగలగొట్టడం పొద్దున లేచి పళ్ళు తోముకోవడం లాంటిదన్నంత మామూలుగా. "సాయంత్రానికి మీ గోడ మీకు అప్పజెబుతా." ఇంటాయన పావుగంట తిట్టాడు. మేస్త్రి పావుగంటా తల ఊపాడు. ఆయన వెళ్ళాక మేస్త్రి ఆవిడ వైపు తిరిగి, అంతకు రెట్టింపుసేపు, ఎక్కడా గొంతు పెంచకుండా, కారిన నీళ్ళు కిందికి దిగుతాయి గానీ పైకి ఎక్కవని, కారే చోటు ఎప్పుడూ ఎక్కువ తడికి పైనే వెతకాలని, ఈ సంగతి తడిబట్టకు కూడా తెలుసునని వరస తప్పకుండా చెప్పాడు. వాషరక్క ఒక్క మాటా జారిపోనివ్వకుండా వింది. తర్వాత జానెడు పైకి గీసి కొట్టింది. పైపు దొరికింది.

సాయంత్రం ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, మేస్త్రి జేబులోంచి అప్రెంటిసు పుస్తకం తీశాడు. ఏ రోజు ఏం నేర్చుకుందో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆయన చెవిమీది పెన్సిలు తీసి ఆవిడకిచ్చాడు.

వాషరక్క రాసింది: 'కన్నాలు రెండు. పైపు ఒకటి.'

మేస్త్రి చదివి కింద సంతకం పెట్టాడు. "రేపు కన్నం ఒకటి తగ్గించు. పదింటికి రా."