ఇడువని నట్టు

కొత్త ఫ్యాను బిగిస్తున్న పిల్లగాడు "ఇది లాక్ నట్టు అక్కా, ఫికర్ చెయ్యకు" అన్నాడు. వాడి చేతి గ్రీజు వాసన నన్ను గోదావరిఖనిలోని మా పాత క్వార్టర్‌కు మోసుకుపోయింది.

అక్కడ రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గుగని సైరన్ మోగేది. కాలనీ అంతా మాట ఆపేది. ఆ వెనకే బ్లాస్టింగ్. గిన్నెలు గూట్లోంచి దిగి వాకిలిదాకా నడిచేవి, పటాల్లో దేవుళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకునేవారు. తమ్ముడి మంచానికి పైన ఫ్యాను ఊగేది.

బొగ్గుబాయిలో ఫిట్టరైన మా బాపు ఓ రోజు నిచ్చెనెక్కి ఫ్యానుకు కొత్త నట్టు బిగించాడు. "దీని మూతి నొక్కి ఉంటది. పట్టిందంటే ఎంత ఊగినా ఇడువది."

"మీ అవ్వ లెక్కనన్నట్టు," అంది అమ్మ.

అప్పట్నుంచి ఆ నట్టే మా ఇంటిని, కాలనీని, పైనున్న ఆకాశాన్ని కూడా పట్టుకుందని నమ్మాను. సైరన్ మోగితే దోస్తులను పిలిచి మరీ చూపించేదాన్ని.

ఒకనాటి బ్లాస్టింగ్‌కు తమ్ముడి బొడ్డు మీద చిన్న సున్నం పెచ్చు రాలింది. బాపు మళ్లీ నిచ్చెనెక్కి నట్టును తట్టి చూశాడు. "ఇసుమంత గూడ కదల్లే," అని మురిసిపోయాడు.

అమ్మ నట్టును చూడలేదు. ఫ్యాను కొక్కెం చుట్టూ స్లాబులో గుండ్రంగా తిరిగిన పగులును చూసింది.

"నట్టు ఇడువది. కప్పే ఇడుస్తది," అని తమ్ముణ్ణి మంచంతో సహా వాకిట్లోకి లాగింది. నట్టు అంత గట్టిదైతే అమ్మ మంచాన్ని ఎందుకు లాగిందో నాకు అర్థం కాలేదు.

ఇక్కడ, పిల్లగాడింకా నట్టునే చూపిస్తున్నాడు. నేను ఫ్యాను కిందున్న మంచాన్ని పక్కకు జరుపుతున్నాను.