ఏడుపక్క వేసిన మార్కులు

సినిమాల్లో ఆమె కార్చిన కన్నీళ్లు పట్టి దాచుంటే ఊళ్లో నీళ్ల కరువే ఉండేది కాదు. కొడుకు చచ్చినా ఆమే, మొగుడు తాగొచ్చినా ఆమే, హీరోయిన్‌కి ఒళ్లు వెచ్చబడినా మంచం పక్కన కూర్చుని కుళ్లికుళ్లి ఏడ్చేది ఆమే. గ్లిజరిన్ సీసా చూపిస్తే పరువు తీసినట్టు చూసేది. ముందు ఏ కన్ను కారాలో డైరెక్టర్‌ని అడిగి మరీ కార్చేది. అందుకే అందరికీ ఏడుపక్క అయింది.

తర్వాత్తర్వాత తెరమీది తల్లులు ఏడుపు మానేసి జీన్సు తొడిగారు. ఏడుపక్కకు పని పోయింది. అప్పుడే చిన్న సినిమాల ఫెస్టివల్ వాళ్లు జడ్జీగా రమ్మన్నారు. బల్లమీద తన పేరు రాసిన అట్టముక్కను ఆమె కొంగుతో రెండుసార్లు తుడుచుకుంది. కన్నీళ్లకు కాకుండా బుర్రకు కుర్చీ వేయడం అదే మొదలు. ఆ మర్యాద ఎలాగైనా నిలుపుకోవాలనుకుంది.

మిగతా జడ్జీలూ తక్కువవాళ్లు కాదు. ఒకాయన కెమెరామన్, ఎప్పుడో తీసిన ఒక్క సూర్యాస్తమయం పేరు చెప్పుకుని ఇప్పటికీ బతుకుతున్నాడు. ఇంకొకాయన పత్రికల్లో సమీక్షలు రాస్తాడు. ఏ సినిమా నచ్చకుండానే జుట్టంతా నెరిసిపోయింది.

అక్కడి పద్ధతి ప్రకారం తీసినవాళ్ల పేర్లు చెప్పకుండా సినిమాలు చూపిస్తారు, మార్కులు వేశాకే పేర్లు చదువుతారు. తీసినవాళ్లు జడ్జీకి చుట్టమని తేలితే ఆ సినిమాకి ఆ జడ్జీ వేసిన మార్కులు కొట్టేసి, మిగతావాళ్ల సగటే చూస్తారు. మొదటి బహుమతి సినిమా ఒక్కటే థియేటర్లో ఆడుతుంది.

ఆఖరి సినిమాలో ఒక తల్లి ఉంది. పాలు పొంగినా ఏడుస్తుంది, తలుపు బిగుసుకున్నా ఏడుస్తుంది. కూతురు పరీక్ష తప్పి ఇంటికొస్తే, ఆ పిల్లకు ఏడ్చే సందివ్వకుండా తనే ఏడ్చేస్తుంది. చూస్తూ చూస్తూ సమీక్షకుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కన్నతల్లి కూడా ఆయన కంటతడి చూసి ఉండదు.

ఏడుపక్కకు మాత్రం ఒళ్లు మండింది. "ఇదేం ఏడుపండీ? పాలు పొంగితే ఏ తల్లైనా వెలుగులోకి మొహం తిప్పుకుని ఏడుస్తుందా? వంటింట్లో కెమెరా పెట్టారా ఏమన్నా?"

మధ్యాహ్నమంతా ఏడుపు శాస్త్రం మీద ఉపన్యాసం దంచి, అట్టడుగు మార్కులు వేసింది. దాంతో ఆ సినిమా రెండోస్థానానికి జారింది.

ఫెస్టివల్ నడిపే కుర్రాయన పేర్లు చదివాడు. ఆఖరి సినిమాకి, తండ్రి ఇంటిపేరుతో తన కూతురి పేరు వినపడేసరికి ఏడుపక్క కలం కింద పెట్టేసింది. "ఏదో తీస్తున్నానమ్మా" అని ఆ పిల్ల అన్నప్పుడు, తనకు వేషం ఇవ్వలేదని ఏడ్చిందే తప్ప, ఏం తీస్తున్నావని అడగలేదు.

గదిలో ఇంకెవరికీ ఆ పేరు తెలియదు. నోరు మూసుకుంటే ఈమె పరువు భద్రం, పిల్ల సినిమా పెట్టెలోకి. నోరు విప్పితే పిల్లది మొదటి బహుమతి, కానీ తెరమీది ఆ తల్లి ఎవరో సాయంత్రానికల్లా ఊరంతా తెలుస్తుంది.

కుర్రాయన సంతకాల కోసం కాగితం జరిపాడు.

"ఆగు బాబూ. నా మార్కులు కొట్టెయ్. అది మా అమ్మాయి."

సమీక్షకుడు నెమ్మదిగా అడిగాడు. "అంటే, అందులో ఆ అమ్మ..."

"నేనే. మరీ అంత కాదులెండి. అది కాస్త పెంచింది."

అంటూనే రెండు కళ్లూ ఒక్కసారే కారాయి. ముక్కూ కారింది. మొహం వంకర్లు పోయింది. ఏ డైరెక్టరూ ఒప్పుకోని ఏడుపు. కెమెరామన్ మెచ్చుకోలుగా తలూపాడు.

"నిజంగానే వస్తోంది బాబూ" అంది వెక్కుతూ.

"తెలుసక్కా, మీకు తిరుగేముంది" అన్నాడు కుర్రాయన, ఆమె మార్కుల మీద అడ్డంగా గీత కొడుతూ. "మిగతా సీను తర్వాత చేద్దురుగాని. ముందు ఇక్కడ సంతకం పెట్టండి."