పూజపీట మీద ఓడీ నోట్లు

జనగామ బజారులో జనార్దన్‌ను అందరూ సేటు అంటారు. ఆ పిలుపు అతనికి నాయన నుంచి వచ్చింది. నాయన రఘునాథపల్లి నుంచి వచ్చి కిరాణా హోల్‌సేల్ దుకాణం పెట్టాడు. ఆయన పోయాక గద్దె మీద జనార్దన్ కూర్చున్నాడు. ఇప్పుడతనికి యాభై దాటింది. పొద్దున షట్టరు ఎత్తగానే దేవుడి పటానికి దండం పెడతాడు. తర్వాత ఎదురు దుకాణం వైపు చూస్తాడు. ఆ రెండో పని అతనికి ఎవరూ నేర్పలేదు.

ఎదురు దుకాణం సంపత్‌ది. సంపత్ ఒకప్పుడు జనార్దన్ దగ్గర గుమాస్తా. చాలా ఏళ్ళు చేసి, ఒకరోజు దండం పెట్టి సెలవు తీసుకున్నాడు. కొన్నాళ్ళకు రోడ్డు అవతల షట్టరు ఎత్తాడు. దండం పెట్టి వెళ్ళినవాడిని తిట్టడానికి కారణం దొరకదు. జనార్దన్‌కు అదే కోపం.

మొదట్లో కొనడానికి వచ్చినవాళ్ళు అతన్ని సంపతన్నా అనేవాళ్ళు. పోయిన ఎండాకాలం ఒక రైతు ఆ దుకాణం ముందు నిలబడి "సేటూ, రెండు నూనె డబ్బాలియ్యి" అన్నాడు. ఆ మధ్యాహ్నం జనార్దన్‌కు అన్నం సహించలేదు.

"కడుపుల నొప్పా?" అంది భార్య సరస్వతి.

"గాడు సేటంట."

"ఎవరు?"

"నువ్వు అన్నం తీసెయ్యి."

సంపత్ బండ్లు ఇప్పుడు భూపాలపల్లి దాకా వెళ్తాయి. టేకుమట్లలో చిన్న దుకాణాలకు పప్పు, చక్కెర అతనే వేస్తాడు. అతని దగ్గర లేనిది ఒక్కటే, కనకయ్య మిర్చి.

కనకయ్య మహబూబాబాద్ మిర్చి వ్యాపారి. జనార్దన్ నాయన కాలం నుంచి జనగామలో ఒక్క ఈ దుకాణానికే సరుకు పంపుతాడు. ముందు సరుకు, తర్వాత చెక్కు. నడుమ మాట ఒక్కటే. ఆ మిర్చి కోసం పెళ్ళిళ్ళ వంటవాళ్ళు జనార్దన్ మెట్లెక్కుతారు. సంపత్ రెండుసార్లు మహబూబాబాద్ వెళ్ళి అడిగి వచ్చాడు. కనకయ్య ఇయ్యనన్నాడు. ఆ రెండుసార్లూ జనార్దన్ ఇంట్లో పాయసం చేయించాడు. ఎందుకో సరస్వతికి చెప్పలేదు.

ఇద్దరికీ బ్యాంకు ఒకటే. ఇద్దరికీ ఓడీ, అంటే ఓవర్‌డ్రాఫ్టు, ఉంది. ఖాతాలో డబ్బు లేకపోయినా ఒప్పుకున్న పరిమితి దాకా తీసుకోవచ్చు, వాడుకున్నన్ని రోజులకు వడ్డీ కట్టాలి. సంపత్ ప్రతి సాయంత్రం అమ్మకం డబ్బు తీసుకెళ్ళి ఖాతాలో వేస్తాడు. అతని వడ్డీ పలచగా ఉంటుంది. జనార్దన్ వారానికోసారి వేస్తాడు. గల్లాపెట్టె రాత్రి ఖాళీగా పడుకోవద్దని నాయన అనేవాడు. అందుకని గల్లాలో నోట్లు నిద్రపోతాయి, ఖాతాలో వడ్డీ మేలుకుంటుంది. పైన ఏటా పరిమితి పొడిగించే ఛార్జీ, మెసేజీల ఛార్జీ, ఇంకేవో ఛార్జీలు.

దసరా ముందు వాటి సంగతి అడగడానికి బ్యాంకుకు వెళ్ళాడు. మేనేజర్ ఉమ గది అద్దంలోంచి సంపత్ కనిపించాడు. అతని ముందు చాయ్ కప్పు ఉంది. జనార్దన్ బయట ఇనుప కుర్చీలో కూర్చున్నాడు. సంపత్ బయటికి వచ్చి, జనార్దన్ లేవాల్సిన పని లేకుండా తనే వంగి పలకరించాడు.

"బాగున్నరా సేటు?"

"నీకన్న బాగనే."

తన వంతు వచ్చి లోపలికి వెళ్ళాక ఉమ ఛార్జీలన్నీ ఒక్కొక్కటిగా వివరించింది. అతను విన్నాడు. చివర అడిగాడు. "మేడం, సంపత్‌కు పరిమితి ఎంతిచ్చిన్రు?"

"వేరేవాళ్ళ ఖాతా సంగతి చెప్పకూడదండి."

"నాకన్న ఎక్కువనా తక్కువనా, గది చెప్పుండ్రి చాలు."

ఉమ నవ్వింది. చెప్పలేదు. చాయ్ తెప్పించింది. అది సంపత్ తాగిన చాయ్ అంత వేడిగా లేదని అతనికి అనిపించింది.

ఆ వారమే ఒక ప్రైవేటు బ్యాంకు నుంచి రాకేష్ అనే కుర్ర ఆఫీసరు దుకాణానికి వచ్చాడు. ఓడీ తమ బ్యాంకుకు మార్చుకోమన్నాడు. మొదటి ఏడాది ఛార్జీలు ఉండవన్నాడు.

"రెండో ఏడాది?"

"అప్పుడు చూద్దాం సర్."

"ఎదురు దుకాణపోన్ని అడిగినవా?"

"అడిగిన సర్. మారనన్నడు. మేడం మంచిగ చూసుకుంటదట."

జనార్దన్ అప్పటిదాకా మారదామనే అనుకుంటున్నాడు. ఆ మాట విన్నాక ఆగాడు. తను వెళ్ళిపోతే మేడం మొత్తం సంపత్‌కే మిగులుతుంది.

దీపావళి వచ్చింది. బజారులో ఆ సాయంత్రం ప్రతి దుకాణంలో లక్ష్మీపూజ ఉంటుంది. పీట మీద అమ్మవారి ముందు నోట్ల కట్టలు పేరుస్తారు. తెలిసినవాళ్ళు దుకాణం దుకాణం తిరిగి ప్రసాదం తీసుకుంటారు. ఎవరి పీట ఎంత నిండుగా ఉందో చూడనట్టే చూస్తారు. బ్యాంకు మేనేజర్ కూడా వస్తారు. ముందు ఏ దుకాణం మెట్లెక్కారో మర్నాడు బజారంతా మాట్లాడుకుంటుంది. పోయినేడు ఉమ మొదట సంపత్ దగ్గరికి వెళ్ళింది. అతని పీట కూడా నిండుగా ఉంది. కట్టలు ఎలా పేర్చాలో అతను జనార్దన్ దుకాణంలోనే నేర్చుకున్నాడు.

ఈసారి జనార్దన్ ఊరుకోదలచుకోలేదు. పండుగకు ముందు రోజు బ్యాంకుకు వెళ్ళి ఓడీలో మిగిలినదంతా నగదుగా తీశాడు. బ్యాంకు పట్టీ వేసిన కొత్త కట్టలు సంచిలో ఇంటికి వచ్చాయి.

సరస్వతి సంచి చూసింది. "గిన్ని పైసలు ఎందుకండి?"

"పూజకు."

"అప్పు తెచ్చి అమ్మవారికి చూపిస్తరా?"

"అమ్మవారికి కాదు."

మిర్చి బాకీ కింద కనకయ్యకు ఇచ్చిన చెక్కు అతనికి గుర్తుంది. గుర్తుండే తీశాడు. పూజలో పెట్టిన డబ్బును పాడ్యమి దాటేదాకా గడప దాటించరు. కనకయ్యా వ్యాపారే, అతనింట్లోనూ అదే ఆచారం. పండుగ పూట చెక్కు వెయ్యడు. ఒకవేళ వేసినా, పాస్ కావడానికి రెండు రోజులు పడుతుంది. అంతలో డబ్బు మళ్ళీ ఖాతాలో ఉంటుంది.

కానీ కనకయ్య ఆ రోజు పొద్దుటే చెక్కు వేసేశాడు, పండుగ లోపల పని తెమలాలని. చెక్కులు ఇప్పుడు రెండు రోజులు ఆగడం లేదు. పొద్దున వేస్తే సాయంత్రంలోగా తేలిపోతున్నాయి. జనార్దన్ మధ్యాహ్నం ఖాతా ఊడ్చాడు. సాయంత్రం చెక్కు తిరిగిపోయింది. ఆ మెసేజీ పండుగ శుభాకాంక్షల కింద ఎక్కడో పడిపోయింది. బ్యాంకు నుంచి వచ్చిన ఫోన్లు అతను చూసుకోలేదు. పీట తుడుస్తున్నాడు.

పూజనాటి సాయంత్రం పీట మీద కట్టలు అమ్మవారి మోకాళ్ళ దాకా లేచాయి. సందు చూసుకుని ఎదురుగా తొంగి చూశాడు. సంపత్ పీట మీద కట్టలు తక్కువే ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత జనార్దన్ ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు.

అప్పుడే ఉమ బజారులోకి వచ్చింది. నేరుగా జనార్దన్ మెట్లెక్కింది. బజారంతా చూసింది. సంపత్ కూడా చూశాడు. జనార్దన్ చేతులు జోడించి, ఎదురు దుకాణానికి వినపడేంత గట్టిగా "రాండ్రి రాండ్రి మేడం" అన్నాడు.

ఉమ దండం పెట్టుకుంది. కట్టల మీద తన బ్యాంకు పట్టీలు చూసింది. పక్కకు వచ్చి గొంతు తగ్గించింది.

"జనార్దన్ గారూ, నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాను. మహబూబాబాద్ చెక్కు తిరిగిపోయింది. ఆ ఛార్జీ పడి ఖాతా పరిమితి కూడా దాటింది. రేపు తలుపు తియ్యగానే డబ్బు వేసెయ్యండి. ఆయనకు మీరే ముందు చెప్పండి."

"అందుకే వచ్చిన్రా?"

"అందుకే ముందు వచ్చాను."

ప్రసాదం తీసుకుని ఆమె రోడ్డు దాటింది. సంపత్ దగ్గర చాలాసేపు కూర్చుంది. ఏదో మాటకు ఇద్దరూ నవ్వారు. జనార్దన్‌కు ఆ నవ్వు తన గురించే అనిపించింది.

రాత్రి సరస్వతి ఒకటే మాట అంది. "పొద్దున పోయి కట్టుండ్రి. మిర్చి పోతే ఆచారం ఏం చేసుకుంటం?"

"పాడ్యమి నాడు లచ్చిమిని గడప దాటిస్తమా?"

"గది మన లచ్చిమి కాదు. బ్యాంకుది."

కనకయ్యకు ఫోన్ చెయ్యాలనుకున్నాడు. ఏమని చెప్పాలి? ఎదురోని పీట కన్నా నా పీట ఎత్తుగ ఉండాలని తీసిన కాకా అనాలా? చెయ్యలేదు.

మర్నాడు పొద్దున సంచి చంకలో పెట్టుకుని గడప దాటాడు. వీధిలో ఎవరి ముఖమూ చూడలేదు. డబ్బు కట్టాడు. వడ్డీ, పరిమితి దాటినందుకు జరిమానా, చెక్కు తిరిగినందుకు ఛార్జీ అన్నీ పోయాక బయటికి వచ్చి ఫోన్ చేశాడు.

"కాకా, చెక్కు మళ్ళ వెయ్యి. పైసలున్నయి."

"తెల్సు బిడ్డా. పూజల పెట్టినవట గద."

"ఎవరు చెప్పిన్రు?"

"రాత్రి సంపత్‌కు నేనే ఫోన్ చేసిన. ఎదురుంగ ఉంటడు గద, చెక్కు ఎనకకొచ్చింది, దుకాణం సక్కగ నడుస్తుందా అని అడిగిన. మా సేటు పీట మీద కట్టలు కండ్లార చూసిన, రెండు రోజులు ఆగు కాకా, పూచీ నాది అన్నడు."

జనార్దన్ ఖాళీ సంచిని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"నన్ను ఆగుమని నువ్వు అడిగితే ఆగకపోదునా? నీ నోటికేమైంది?"

"ఏం కాలె."

"సరే. సరుకు పంపుత. వానికి గూడ కొంచెం పంపుత బిడ్డా. నీ కోసం పూచీ ఉన్నోనికి ఇంక లేదనలేను."

రాకేష్ మళ్ళీ వచ్చాడు. జనార్దన్ ఇక నిజంగానే మారాలనుకున్నాడు. ఛార్జీలు వేసిన బ్యాంకు ముఖం చూడాలని లేదు. రాకేష్ ఖాతా స్టేట్‌మెంటు తిప్పి, చెక్కు తిరిగిన చోట వేలు ఆపాడు. మా బ్యాంకులోనూ దీనికి ఇంతే పడుతుంది సర్ అన్నాడు. ఆ మాట నిజాయితీగా ఉంది. ఛార్జీ ఎక్కడైనా పడుతుంది, మెట్లెక్కి వచ్చి చెప్పేవాళ్ళు అంతటా ఉండరు. జనార్దన్ ఉన్నచోటే ఉన్నాడు. ఇప్పుడు రోజూ సాయంత్రం డబ్బు వేస్తాడు, సంపత్ కంటే ముందు వెళ్ళి.

మిర్చి లారీ వచ్చింది. సగం సరుకు జనార్దన్ దగ్గర దిగింది. తర్వాత వెనక్కి తిరిగి ఎదురు దుకాణం ముందు ఆగింది. హమాలీలు అక్కడా బస్తాలు దించారు. జనార్దన్ కాసేపు చూశాడు. తర్వాత లేచి రోడ్డు దాటాడు. సంపత్ షట్టరు ఎత్తినప్పటి నుంచి అతను ఆ మెట్లు తొక్కలేదు.

"రాండ్రి సేటు, కూసోండ్రి. చాయ్ చెప్త."

"వద్దు."

విప్పిన బస్తాలోంచి ఒక కాయ తీశాడు. తొడిమ తుంచి వాసన చూశాడు. విరిచి గింజ చూశాడు. వెలుతురులో పెట్టి రంగు చూశాడు. అదే మిర్చి. అదే లారీ.

తన దానికన్నా ఇది ఒకింత ఎర్రగా ఉందనిపించింది.