అయ్యగారికి మేము చెప్పిన కృతజ్ఞత

మా పాస్టరుగారిని అయ్యగారు అంటాము. పంతొమ్మిదేళ్లు మా వీధికి ఆయన గొంతే ధైర్యం. ఆసుపత్రి మంచం పక్కన, సమాధుల తోటలో, తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడి గుమ్మంలో, ఎక్కడికి పిలిస్తే అక్కడికి వచ్చి ప్రార్థన చేసేవారు. నా మోకాలి నొప్పికే ఎన్నిసార్లు చేయించుకున్నానో, వినీ వినీ దేవుడికే విసుగొచ్చి ఉంటుంది.

ఈ ఏడాది ఆ గొంతు బొంగురుపోయింది. డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారని తెలిసిన పూటే వాళ్లింట్లో వాలాను. అడగకుండా ఉండగలనా?

"గొంతులో పుండట పెద్దమ్మా," అంది అమ్మగారు, ఆయన భార్య. "మూడు నెలలు నోరు తెరవకూడదన్నాడు. గుసగుసలు కూడా వద్దట. వినకపోతే గొంతు పూర్తిగా పోతుందట."

"మూడు నెలలా! నేనైతే మూడు నిమిషాలకే పోతానమ్మా."

అయ్యగారు నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత పలక తీసి రాశారు: సంఘానికి మీరే చెప్పండి.

నేరుగా కలప కొట్టుకే వెళ్లి చెప్పాను. దాని యజమానే మా సంఘపెద్ద.

"మాట్లాడకపోతే పాస్టరెలా అవుతాడక్కా?" అన్నాడు. "మన ప్రార్థన మీద నమ్మకం లేదా? ఆదివారం ఆయనకు సన్మానం చేద్దాం. ఆ సంతోషానికే సగం తగ్గిపోతుంది."

సన్మానం అనగానే నేనూ మెత్తబడ్డాను. పూలగుత్తి నేనే కట్టాను.

ఆ ఆదివారం పదకొండుమంది లేచి అయ్యగారిని పొగిడారు. ప్రతి ఒక్కరూ చివర్లో, "మా ఇంటి కోసం ఒక్క మాట ప్రార్థన చెయ్యండయ్యగారూ," అన్నారు. అమ్మగారు ఆయన చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

"దయచేసి అడగొద్దు. ఆయన మాట్లాడకూడదు."

"ఏంటమ్మగారూ, మాకున్న విశ్వాసం మీకు లేదా?" అన్నాడు సంఘపెద్ద. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అయ్యగారు ఆమె చెయ్యి మెల్లగా విడిపించుకుని లేచారు. పేరుపేరునా ప్రార్థించారు. ఏడో ఇంటి ప్రార్థన దగ్గర గొంతు జీరబోయింది. తొమ్మిదో ఇంటి దగ్గర ఉత్త గాలే వచ్చింది. కళ్లవెంట నీళ్లు కారాయి. ఆత్మ కదిలిందనుకుని మేమంతా చేతులెత్తి హల్లెలూయా అని అరిచాము. నొప్పికి ఏడుస్తున్నారని ఒక్కరికీ తోచలేదు.

ఆ గొంతు మళ్లీ రాలేదు. రెండు నెలలు చూసి, కొత్త పాస్టరు వస్తున్నాడు, సంఘం ఇచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు సంఘంవాళ్లు. సామాను బండికెక్కించే రోజున వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను.

"క్షమించండయ్యగారూ. మీ కోసం ప్రార్థన చేస్తాను."

"ఇంటికెళ్లాక ఎందుకు పెద్దమ్మా?" అంది అమ్మగారు. "ఇక్కడే, ఆయన వినేటట్టు చెయ్యండి."

అయ్యగారు వెంటనే తల వంచుకున్నారు. పంతొమ్మిదేళ్లలో ఆయనతో చేయించుకోవడమే గాని, ఆయన కోసం నేను నోరు తెరిచింది లేదు. "ప్రభువా, ఈయన..." అన్నాను. మళ్లీ, "ప్రభువా..." అన్నాను. బండి డ్రైవరు హారన్ కొట్టాడు. అయ్యగారు తల ఎత్తలేదు. నేను ఇంకేమైనా అంటానని ఎదురుచూస్తున్నారు.