లొరైన్ తరిమిన కయోటీ

లొరైన్ టిబొడో అంటే ఊళ్ళో అందరికీ హడలే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో మోకాలి లోతు మంచు పడ్డాక, ఊరి వెనక అడవిదారులు నడిచేలా ఉన్నాయంటే ఆవిడ చలవే. మంచులో కూరుకుపోకుండా కాళ్ళకి స్నోషూలు కట్టుకుని, విరిగిపడ్డ కొమ్మలు కోసి పక్కకి లాగుతూ తిరుగుతుంది. జీతం లేదు, మెప్పు అంతకన్నా లేదు.

ఆ చలికాలం తోడేలుకి చిన్న తమ్ముడిలా ఉండే ఒక మగ కయోటీ దారి దగ్గరికి రావడం మొదలుపెట్టింది. కనబడిందంటే చాలు, లొరైన్ గొంతు చించుకుని అరిచేది, మంచుముద్దలు విసిరేది. అది తోక ముడిచి చెట్లలోకి పారిపోయేదాకా ఊరుకునేది కాదు.

పొరుగింటి గెయిల్‌కి ఒళ్ళు మండింది. "నోరులేని జీవం! నీకేం అపకారం చేసింది తల్లీ?"

"మనిషంటే భయం ఉన్నన్నాళ్ళే దానికి నూకలు. ఇక్కడ కయోటీలని ఏడాది పొడుగునా కాల్చుకోవచ్చు, తెలీదా నీకు?"

"అందుకే నీ ఇంట్లో పిల్లి కూడా నిలవదు!"

గెయిల్ ఆ కయోటీకి బిస్కెట్ అని పేరు పెట్టి, వరండా మెట్ల మీద కోడిమాంసం పెట్టసాగింది. గెయిల్‌ది వెన్నలాంటి మనసనీ, లొరైన్‌ది రాతిగుండె అనీ ఊరు తీర్పు చెప్పేసింది. ఆ మాట లొరైన్‌కి గుచ్చుకుంది. మంచులో ఆ కయోటీ అడుగుజాడలు కనబడని రోజు ఆవిడకి ముద్ద దిగేది కాదని ఎవరికి తెలుసు? మర్నాడు ఇంకా గట్టిగా అరిచింది.

ఫిబ్రవరిలో రోలాండ్ అనే వేటగాడు దాన్ని కాల్చాడు. దారిలో ఎదురైనప్పుడు తనే చెప్పాడు.

"పరిగెత్తనే లేదు లొరైన్. నా చేతికేసి చూస్తూ తిన్నగా నా దగ్గరికే వచ్చింది. ఇంత సులువుగా ఎప్పుడూ కొట్టలేదు."

ఊరంతా గెయిల్‌ని పరామర్శించింది. దారి మొదట్లో బిస్కెట్ పేరున కూర్చునే బల్ల వేయిద్దామన్నారు. వేసే పని, ఇంకెవరిది, లొరైన్‌దే. గెయిల్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది.

"దాని మీద 'మమ్మల్ని నమ్మినవాడు' అని రాయించు లొరైన్."

"నమ్మబట్టే చచ్చింది. నువ్వే చంపావు గెయిల్, రోలాండ్ కాదు."

గెయిల్ బావురుమంది. "ఎంత మాటన్నావు! నీకు ప్రేమంటే ఏం తెలుసులే. దాని జోడు ఒంటరిదైపోయింది. పాపం, నిన్నటినుంచి నా చేతిలోంచే తింటోంది."