అవ్వ కళ్లకద్దుకున్న ఫ్యాను

మహర్నవమి, ఉదయం. మదనపల్లెలో మా అమ్మాయి ఇల్లు. ఉన్నవాళ్లు: నేను, అమ్మాయి, అల్లుడు, మనవరాలు.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. ఈ రోజు ఇంకో మాట చేర్చాలి. ఆయుధపూజకని మనవరాలు తడిపిన పసుపు గిన్నె పట్టుకుని మిక్సీకీ ఫ్రిజ్‌కీ బొట్లు పెడుతూ బాత్‌రూమ్ ఫ్యాను దాకా వెళ్లింది. "ఆడ పూయొద్దు తల్లీ, దానికి పువ్వు చాలు!" అని కేకేశాను. ఆ పచ్చి పసుపు వాసనకు పుంగనూరు ఇల్లు ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడింది.

ఆ ఇంటి తానాల గదికి తలుపు తప్ప మరో కంత లేదు. మూలన పొయ్యి మీద రాగి అండా, కింద పట్టుపురుగులకు ఆకు దూసేసిన మల్బరీ పుల్లలు, మసితో నిగనిగలాడే గోడలు, నల్లరాతి నేల మీద సీకాయ నురగ, ఆముదం జిడ్డు. చలికాలం పొద్దున్నే పొగా ఆవిరీ కలిసి ఎదుటి మనిషి కనిపించేది కాదు. తలంటి రోజున పిల్లలం వాకిట్లో గచ్చకాయలాడుతూ, మా వంతు రాకుండా ఉంటే బాగుండునని చూసేవాళ్లం. అందరికీ నీళ్లు కాచి పోసేది అమ్మ. ఆమెకు ఉబ్బసం. నాలుగు చెంబులు పోసి బయటికి పరిగెత్తుకొచ్చి, గోడ పట్టుకుని దగ్గుతూ ఊపిరి కోసం పెనుగులాడేది. కాస్త తేరుకుని, కొంగు ముక్కుకు చుట్టుకుని మళ్లీ లోపలికి పోయేది.

ఒక దసరా ముందు నాయన గోడకు మనిషి తలెత్తులో కంత కొట్టించి, ఇనుప చట్రమున్న ఫ్యాను పెట్టించాడు. బిగించింది మా వీధి వైర్‌మన్ మునెప్ప. పొగంతా బయటికి పోతుంటే అమ్మ పొయ్యి ముందు కూర్చుని కూనిరాగం తీసింది. ఆ గదిలో అమ్మ గొంతు పాటగా వినడం మాకదే మొదటిసారి.

పండగనాడు బొరుగులూ పప్పులూ బెల్లమూ కలిపిన పళ్లెం, అలసంద గుగ్గుళ్లు, బంతిపూల దండలు. నాయన తల్లి, మా అవ్వ, సైకిలును, రోకలిని, కుట్టుమిషనును, దేన్నీ వదల్లేదు. కొత్త ఫ్యానుకు మర్యాద మరీ ఎక్కువ: పసుపు పలచగా కలిపి చట్రమంతా, వైరు దూరే చోటు దాకా పూసింది. నాయన స్విచ్చి వేశాడు. రెక్కలు తిరగ్గానే అవ్వ తడి నేల మీద నిలబడి, తడి చేతులతో చట్రాన్ని తాకి కళ్లకద్దుకోబోయింది. మరుక్షణం కుంకుమ భరిణె ఎగిరిపడింది. అవ్వ గోడకు తగిలి కూలబడింది.

"మొక్కితే కొట్టె గదరా! దాన్ని పెరికేసేదాకా ఆ గదిలో కాలు పెట్టను!"

"పెరికించేస్తాలేమ్మా, కంత గూడా పూడిపిస్తా," అన్నాడు నాయన స్విచ్చి ఆర్పుతూ.

అవ్వ ముందు ఎన్నడూ గొంతెత్తని అమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. "అట్లయితే నీళ్లు కాసేదానికి ఇంగో మనిషిని సూసుకోండి. నాకు ఊపిరాడదు. కుప్పంలో మా పుట్టింట మోటారు గూడా ఇట్లనే కొట్టేది. మూడో వైరు కలిపినాక కొట్టలే."

నాయన తలగోక్కుని, సాయంత్రం దాకా గడువిచ్చాడు.

అమ్మ పిలవడానికి వెళ్లేసరికి మునెప్పేమో పనిముట్లు పూజలో పెట్టేశాడు. ఆ రోజు వాటిని తాకకూడదు. "రేపొస్తానమ్మా," అన్నాడు.

"నా కత్తిపీట గూడా పూజలోనే ఉండాది మునెప్పా. పొద్దున నీకు పంపిన గుగ్గుళ్లలోకి కొబ్బరి దేంతో తరిగినాననుకున్నావు?" అంది అమ్మ.

మునెప్ప టెస్టరుకు దండం పెట్టుకుని తీశాడు. మెయిన్ ఆపి ఫ్యాను విప్పితే, మూడోదైన ఆకుపచ్చ వైరు ఎక్కడా కలపకుండా వెనక మడిచిపెట్టి ఉంది.

"చిన్న ఫ్యానుకి ఎర్తు యాల అనుకుంటినమ్మా."

"చిన్నదని మెల్లగా కొట్టిందా?" అంది అవ్వ అరుగు మీది నుంచి.

పసుపంతా తుడిచి ఆరబెట్టాక, బయటికి తేలిన వైరు అతుకులు మూత పెట్టెలోకి పోయాయి. స్విచ్చి తలుపు బయటికి మారింది. ఆకుపచ్చ వైరు చట్రానికి బిగిసి పెరట్లోకి నడిచింది. అక్కడ గుంత తవ్వి, వైరు చివర బిగించిన రేకు పాతి, బొగ్గులూ రాళ్లుప్పూ పోశారు. అమ్మ బిందెతో నీళ్లు పోస్తుంటే అవ్వ ఊరుకోలేకపోయింది.

"ఉప్పేసి నీళ్లు పోస్తాండావే, ఏం మొలస్తాదే దాంట్లో?"

"ఏం మొలవదత్తా. ఇంగ కొట్టదు, అంతే."

మెయిన్ వేసి, ఫ్యాను తిప్పి, మునెప్ప చట్రానికి టెస్టరు ఆనించాడు. బల్బు వెలగలేదు. నాయన పూడ్చడానికి తెప్పించిన ఇటుకలు పెరట్లోనే ఉండిపోయాయి.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మల్బరీ పొగ వాసన ఎలా ఉండేదో చెప్పినా మనవరాలికి అందదు. మునెప్పా, నాయనా, అవ్వా, అమ్మా ఎవరూ లేరు.

ఆ పండగ మరునాడు పొద్దున మాత్రం అవ్వ అందరికంటే ముందు లేచి, తువ్వాలు భుజాన వేసుకుని తానాల గదిలోకి వెళ్లింది. అమ్మ బయట స్విచ్చి వేసింది. గోడ కంతలోంచి ఆవిరి గుప్పుమని పెరట్లోకి దూకింది. కాసేపటికి లోపలి నుంచి కేక.

"రాజమ్మా! యాడుండావే, వచ్చి వీపు రుద్దు!"

అమ్మ వెళ్లింది. రుద్దింది. తలంటు పోసింది. ఒక్కసారి కూడా బయటికి రాలేదు.

"ఏమ్మే, దగ్గు యాడికి పోయె?" అంటోంది అవ్వ.

"కంతలో నుంచి బయటికి నూకేసినానత్తా," అంది అమ్మ, చెంబు ముంచుతూ.