కార్తేజ్ మొక్కుబడి రాయి చూడబోయి

మూరెడు రాయి చూడటానికి రైల్లో ఒక రాత్రీ ఒక పగలూ కూర్చుని షికాగో వెళ్తున్నామంటే ప్లేనోలో మా స్నేహితులు పగలబడి నవ్వారు. రెండున్నర గంటల్లో దింపే విమానం ఉండగా రైలేంటండీ అన్నారు. ఆ ఆలోచన నాది కాదు, మా అమ్మాయి కెజియాది. పదిహేడో పుట్టినరోజుకి కారు అడుగుతుందేమోనని నేను లోపల్లోపల బెదురుతుంటే, అది కార్తేజ్ రాయి అడిగింది. కార్తేజ్ అంటే ఆఫ్రికా ఉత్తర తీరాన ఒకప్పుడు రోమ్‌ని గడగడలాడించిన పట్నం. అక్కడివాళ్ళని ప్యూనిక్ జనం అంటారు. వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఒక్కరూ లేరు. ఈ పిల్ల ఆ భాషని రెండేళ్ళుగా ఆన్‌లైన్‌లో నేర్చుకుంటోంది. ఇంట్లో తెలుగు మాత్రం ‘అన్నం’, ‘చాలు’, ‘వద్దు’ దాటి నోరు పెగలదు!

నేను వెంట వెళ్ళడానికి నా కారణం నాకుంది. కెజియా ఏడో నెలలో పుట్టింది. ఆస్పత్రిలో నలభై రోజులు గాజుపెట్టెలోనే ఉంది. మూడో రోజు డాక్టరు పెదవి విరిచాక నేనూ నా భార్య సునీతా అక్కడే నేల మీద మోకరించి, బిడ్డ బతికితే నీ సేవకే ఇచ్చేస్తామని ప్రభువుకి మొక్కుకున్నాం. మా ఒంగోలు వైపు విశ్వాసుల ఇళ్ళల్లో ఇది వింతేం కాదు. బతికింది. ఇప్పుడు కాలేజీలకి అప్లై చేసే ఏడు వచ్చింది. పాస్టర్లని తయారుచేసే ఒక కాలేజీ ఫారం నింపి నా బ్యాగులో పెట్టుకున్నాను. దారిలో ఎక్కడో ఒకచోట దానికి సంగతి చెప్పి సంతకం పెట్టించాలి. పదిహేడేళ్ళూ చెప్పకుండా నెట్టుకొచ్చాం మరి.

శుక్రవారం మధ్యాహ్నం మూడూ నలభైకి డాలస్‌లో రైలెక్కాం. వెళ్ళాలనుకునేవాళ్ళకి చెబుతున్నాను, కుర్చీ సీటు చాలు, కాళ్ళు బారచాపుకోవచ్చు. తిండి మాత్రం ఇంటి నుంచి కట్టుకెళ్ళండి. క్యాంటీన్ బోగీలో చల్లటి శాండ్‌విచ్ చూసి నాకు ఏడుపొచ్చింది. సునీత పులిహోర కట్టివ్వబట్టి బతికిపోయాం.

ఏడున్నర ప్రాంతంలో మార్షల్ అనే స్టేషన్‌లో ఒక పెద్దావిడ ఎక్కి మా ఎదురుగా కూర్చుంది. ఎక్కడినుంచండీ అంటే, ‘కార్తేజ్’ అంది. ఉలిక్కిపడ్డాను. టెక్సస్‌లోనే ఆ పేరుతో ఊరుందట!

‘ఆ పాత కార్తేజ్‌లోలా మా ఊళ్ళో యుద్ధపు ఏనుగుల్లేవమ్మా. గ్యాస్ బావులూ చర్చిలూ, అంతే’ అందావిడ కెజియా సంబరం చూసి.

‘మీ ఊరి పేరుకి అర్థం తెలుసా? ప్యూనిక్‌లో కర్త్ హదష్త్. అంటే కొత్త పట్నం’ అంది కెజియా.

నాకు ముద్ద గొంతుకి అడ్డం పడింది. ఒంగోలు దగ్గర సముద్రపొడ్డున నేను పుట్టిన ఊరు కొత్తపట్నం! ఆ మాటే చెబితే, ‘అయితే మనం ఒకే ఊరివాళ్ళం’ అని ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది.

తర్వాత కెజియా మాకిద్దరికీ రోమ్ యుద్ధాలు చెప్పింది. ఇంగ్లీషులో చెప్పినదాన్ని నేను తెలుగులో రాస్తున్నాను. హన్నిబాల్ అనే సేనాని మంచుకొండల మీదుగా ఏనుగుల్ని నడిపించి రోమ్ వాళ్ళ సొంత గడ్డ మీదే వాళ్ళని చావగొట్టాడట. కానీ మూడో యుద్ధంలో రోమన్లు పట్నాన్ని తగలబెట్టి, మిగిలినవాళ్ళని బానిసలుగా అమ్మేశారు.

‘వాళ్ళ పుస్తకాలన్నీ పోయాయి డాడీ. వాళ్ళ గురించి మనకి తెలిసిందాంట్లో ఎక్కువ వాళ్ళ శత్రువులు రాసిందే.’

‘పిల్లల్ని బలిచ్చారంటారు కదా?’ అన్నాను నేను.

‘శత్రువులు రాశారు. కొందరు పండితులు నిజమే అంటారు. కొందరేమో అవి మామూలుగా చనిపోయిన పసిపిల్లల సమాధులంటారు. ఆ పిల్లల బూడిద కుండల మీద నిలబెట్టిన మొక్కుబడి రాళ్ళు మాత్రం వాళ్ళు చెక్కినవే. మీరే చూడండి.’

పొద్దున సెయింట్ లూయిస్‌లో బండి ఆగినప్పుడు సునీత ఫోన్ చేసింది.

‘చెప్పారా?’

‘లేదే. రాయి చూశాక చెప్తాలే. కాస్త మనసు మెత్తబడుద్ది.’

‘ముందే చెప్పండి. నాన్చమాకండి. ఫారం జాగర్త!’

కెజియా పక్కనే కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. తెలుగులో ఉన్న సుఖమే అది, పిల్లల ఎదుటే ఏ గుట్టయినా మాట్లాడుకోవచ్చు.

దారిలో గూడ్సు బళ్ళకి దారి ఇస్తూ ఇస్తూ షికాగో చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. మ్యూజియానికి వేళ మించిపోయింది. హోటల్‌లో పడుకుని ఆదివారం పదింటికి బస్సెక్కాం. ఆరాధన మానుకుని బయలు దేవుడి రాయి చూడబోవడం నాకు ఎంతమాత్రం మనసొప్పలేదు. ప్యూనిక్ వాళ్ళు కొలిచే బాల్ దేవుణ్ణి మా చర్చిలో ‘బయలు’ అంటారు. చిన్నప్పుడు నేను, ఊరి బయట బయలు ప్రదేశంలో ఉంటాడు కాబట్టి ఆ పేరొచ్చిందనుకునేవాణ్ణి. పాస్టరుగారు ఆ పేరెత్తితే మేం పిల్లలమంతా ‘ఛీ’ అనేవాళ్ళం.

యూనివర్సిటీ మ్యూజియంలో ఒక మూల గది. రాయి నిజంగానే మూరెడుంది. పైన ముక్కోణం, దాని మీద గుండ్రటి తల, రెండు చేతులు, అచ్చం చంటిపిల్లలు గీసే అమ్మ బొమ్మలా. కింద నాలుగు వరుసల అక్షరాలు. కెజియా అద్దానికి ముక్కు ఆనించి కుడినుంచి ఎడమకి ఒక్కో మాటా చదివి అర్థం చెప్పింది.

‘తల్లి దేవత తనిత్‌కి, ప్రభువు బాల్ హమ్మోన్‌కి... హన్నో, ఫలానావాడి కొడుకు, ఫలానావాడి మనవడు, మొక్కిన మొక్కుబడి. ఎందుకంటే ఆయన ఇతని మొర విన్నాడు. దీవించాడు.’

మొర విన్నాడు! అదే మాట. గాజుపెట్టె దగ్గర మేం అన్న మాట, ప్రతి ఆదివారం మా చర్చిలో ఎవరో ఒకరు లేచి నిలబడి చెప్పే మాట. నేను ఛీ అన్న మనిషి నోట్లో నా ప్రార్థన ఎలా వచ్చింది? దేవుడా, నేనూ అదే చేశానా?

‘బిడ్డ పేరేది?’ అన్నాను.

‘ఉండదు డాడీ. నాన్న పేరు, తాత పేరు రాసుకుంటారు. బిడ్డ పేరు రాయరు.’

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అక్కడి గార్డు, తల నెరిసిన నల్లజాతి పెద్దమనిషి, దగ్గరికొచ్చాడు. ‘ఈ రాయిని జనం పది సెకన్లు చూసి వెళ్ళిపోతారు సార్. మీకు ఒంట్లో బాగానే ఉందా?’ అని కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

సాయంత్రం ఐదింటి విమానానికి తిరుగు ప్రయాణం. షికాగో వెళ్ళేవాళ్ళు చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు, నాకు ఆ రాయి తప్ప ఏదీ కంటికి ఆనలేదు. ఒక ఊరిని కాల్చి, భాషని చంపి, రాతలన్నీ పోగొట్టినా, తల్లిదండ్రులు దేవుడితో పెట్టుకున్న ఒప్పందాలు మాత్రం మిగిలాయి. ఆ ఒప్పందంలో వస్తువైన పసిబిడ్డల్ని మాత్రం ఏమనుకున్నారో అడిగినవాడు లేడు.

విమానం పైకి లేచాక ధైర్యం కూడగట్టుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ‘కెజ్జీ, నువ్వు పుట్టినప్పుడు...’

‘తెలుగులో చెప్పండి డాడీ’ అంది. తెలుగులో! అమెరికా యాసే, కానీ తెలుగే.

సీట్లో దాని వైపు తిరిగాను.

‘నాకు తెలుసు. మమ్మీ ఎవ్రీ ఇయర్ నా బర్త్‌డే సండే చర్చిలో సాక్ష్యం చెప్పుద్ది. గాజుపెట్టె, ప్రేయర్, మొక్కుబడి, అన్నీ. ఫస్ట్ టైమ్ అర్థమైనప్పుడు నాకు ఎయిట్ ఇయర్స్. ఫారం బ్యాగ్‌లో ఉంది, అది కూడా తెలుసు.’

‘మరి ఎప్పుడూ అడగలేదేం తల్లీ?’

‘మీరే చెప్తారని వెయిట్ చేశా. చెప్పలేదు. అందుకే రాయి దగ్గరికి తెచ్చాను.’ దాని గడ్డం వణికింది. ‘నైన్ ఇయర్స్, డాడీ.’

సిగ్గుతో చచ్చిపోయాను. ఫారం తీసి దాని ఒళ్ళో పెట్టాను. ‘మొక్కింది మేం. దేవుడికి జవాబు చెప్పుకునేది మేం. నువ్వు చింపినా సరే, సంతకం పెట్టినా సరే’ అన్నాను. అది చింపలేదు, సంతకమూ పెట్టలేదు. నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకుని, నా భుజం మీద తల వాల్చి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పక్క సీటాయన మర్యాదగా కళ్ళు మూసుకున్నాడు.

డాలస్‌లో దిగి ఫోన్ ఆన్ చేయగానే సునీత మెసేజ్. ‘చెప్పారా? దానికి అర్థమయ్యేలా చెప్పారా? ఏమంది?’

సామాన్ల బెల్టు దగ్గర నిలబడి మూడే మాటలు రాసి పంపాను.

‘దానికి తెలుగు వచ్చు.’